నాన్న 800తో రెండు సీట్ల బండి కడితే ఆర్సీ ఎవరిది?

శెట్టిపల్లి స్పానర్

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతూనే ఉన్నా, రాయడం ఇదే మొదటిసారి. మాది తిరుపతి, శెట్టిపల్లి. మా నాన్న 1998లో కొన్న మారుతి 800 ఇంట్లో ఉంది. కార్బొరేటర్ మోడల్, నాలుగు గేర్లు, ఏపీ 03 నంబరు. ఇంజిన్ ఇప్పటికీ సెల్ఫ్ కొట్టగానే అందుకుంటుంది. బాడీ మాత్రం పోయింది. డ్రైవర్ సీటు ముందు ఫ్లోరు తుప్పు తినేసింది, మ్యాట్ ఎత్తితే కాళ్ల కింద రోడ్డు కనిపిస్తుంది. టింకరింగ్, పెయింటు కలిపి 45 వేలు అడిగారు.

నా ఆలోచన వేరే. ఇంజిన్, గేర్‌బాక్స్, సస్పెన్షన్, స్టీరింగ్ తీసేసి, చదరపు పైపుతో కొత్త చాసిస్ కట్టి, పైన ఫైబర్ బాడీ వేయాలని. ఇద్దరు కూర్చునే ఓపెన్ బండి. ఇంగ్లండులో లోటస్ సెవెన్ లాంటివి ఇళ్ల దగ్గరే కట్టుకుంటారు కదా, అట్లాంటిది. వెల్డింగ్ వచ్చు. రేణిగుంట రోడ్డులో మా బావకు షెడ్డు ఉంది.

అడగాల్సింది ఒక్కటే. పాత ఆర్సీ నా దగ్గరే ఉంది, 2028 దాకా రెన్యువల్ అయింది, ఇన్సూరెన్స్ నడుస్తోంది. ఇంజిన్ నంబరు ఎట్లాగూ అదే. ఆ ఆర్సీ మీద కొత్త బండి తిప్పుకోవచ్చా?

ఘాట్‌రోడ్ గేర్2

సూపర్ అన్నా!! అలిపిరిలో వాహన పూజ చేయించే రోజు చెప్పు, కొబ్బరికాయ నాది. ఆర్సీ గురించి టెన్షన్ పడొద్దు. మా ఫ్రెండు పాత జీపు టాపు కోసేసి, వేరే ఇంజిన్ వేసి మూడేళ్లుగా తిప్పుతున్నాడు. ఎవరూ ఆపలేదు.

కాణిపాకం కార్బొరేటర్

చిత్తూరులో నా షెడ్డుకు నెలకు ఒకరైనా ఇదే ప్రశ్నతో వస్తారు. ఇంజిన్ నంబరు అదే కాబట్టి బండి అదే అని. ఆ మాట తప్పు. పెద్దాయన ఉన్నారుగా, ఆయన వచ్చి చెబితే బాగుంటుంది.

మాజీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్

పిలిచారు కాబట్టి వచ్చాను. రిటైరై ఆరేళ్లయింది. నన్ను ఇప్పటికీ వీధిలో బ్రేక్ ఇన్‌స్పెక్టరనే పిలుస్తారు, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అని ఎవరూ అనరు.

బాబూ, ఆర్సీకి ప్రాణం ఇంజిన్‌లో లేదు, చాసిస్ నంబరులో ఉంది. ఇంజిన్ పాడైతే అదే రకం ఇంజిన్ వేసుకుని, అనుమతితో కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించుకునే దారి ఉంది. చాసిస్‌కు అట్లా కుదరదు. పైగా 800కి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. బాడీయే చాసిస్. నంబరు ఆ రేకు మీదే కొట్టి ఉంటుంది. అంటే నువ్వు తుక్కుకు వేద్దామనుకుంటున్న దాంట్లోనే నీ ఆర్సీ ఉంది.

ఇప్పుడు ఎవరో ఒకరు ‘ఆ నంబరున్న రేకు ముక్క కోసి కొత్త పైపుకు అతికించు’ అని సలహా ఇస్తారు. నా సర్వీసులో అట్లాంటి ముక్కలు చాలా చూశాను. చుట్టూ వెల్డింగ్ గీత, దాని మీద పుట్టీ, పైన కొత్త పెయింటు. గోటితో గీరితే తెలిసిపోయేది. దొంగ బండ్లకు చేసే పని అదే. నీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు 182ఎ చేర్చారు. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ. జీపు అబ్బాయిని ఎవరూ ఆపలేదంటే ఇంకా ఆపలేదని అర్థం. ఎవరికైనా తగిలిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయరు ఆపుతాడు.

శెట్టిపల్లి స్పానర్

అర్థమైంది సార్. మరి పాత ఆర్సీ వద్దు. కొత్త బండిగానే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే? ఎంత ఫీజైనా కడతాను.

మాజీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్

ఫీజు దాకా రావాలంటే ముందు కాగితాలుండాలి. కొత్త బండికి ఫారం 20తో దరఖాస్తు పెడతావు. దానితో డీలరు ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్, ఫారం 21 కావాలి. కాలుష్యం, రోడ్డు యోగ్యత ప్రమాణాలకు బండి సరిపోతుందని తయారీదారు ఇచ్చే ఫారం 22 కావాలి. నీకు ఫారం 22 ఎవరిస్తారు? నువ్వే ఇచ్చుకోవాలంటే నువ్వు తయారీదారువి కావాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వ నియమం ప్రకారం నమూనా బండిని బండ్లను పరీక్షించే కేంద్రాలకు, అంటే పుణెలో ఏఆర్ఏఐకో, మానేసర్‌లో ఐక్యాట్‌కో, మన దగ్గరలో అంటే చెన్నై పక్కన ఒరగడంలో ఉన్న గార్క్‌కో ఇచ్చి టైప్ అప్రూవల్, అంటే ఈ నమూనా ప్రమాణాలకు సరిపోతుందన్న ఆమోదం, తెచ్చుకోవాలి. ఆ పరీక్షలు వేల బండ్లు అమ్ముకునే కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఒక్క బండి కట్టుకునేవాడికి అక్కడ వేరే వరుస లేదు.

ఇంకో గోడ కూడా ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బండి బీఎస్-6 పొగ ప్రమాణానికి సరిపోవాలి. మీ నాన్నగారి కార్బొరేటర్ ఇంజిన్ కొత్త బండిలో కూర్చుంటే దాన్నీ ఆ కొలబద్దతోనే కొలుస్తారు.

అమాయకుడు 03

వింటేజ్ బండి కింద చేయించకూడదా? ఏదో కొత్త రూలు వచ్చిందని విన్నా.

కాణిపాకం కార్బొరేటర్

2021లో వచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి. 1998 బండికి 2048లో అర్హత వస్తుంది. అప్పటికి స్పానర్ తమ్ముడి మనవడు చూసుకుంటాడు. అదీ బాడీ పారేయకుండా ఉంటేనే.

అమాయకుడు 03

పోనీ ఎలక్ట్రిక్?

కాణిపాకం కార్బొరేటర్

బాడీ అదే ఉంచి, ఏఐఎస్-123 అనే ప్రమాణం కింద పాసైన ఎలక్ట్రిక్ కిట్ వేయించుకుని, ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. ఇతనికి కావాల్సింది అది కాదు స్వామీ. ఇతనికి బాడీ మారాలి, ఇంజిన్ ఉండాలి. నువ్వు సరిగ్గా తిరగేశావు.

కొవెంట్రీలో చంద్రగిరోడు

ఇక్కడి సంగతి చెబుతా, పోల్చి చూసుకోండి. నేను సొంతంగా కట్టలేదు గానీ, మా పక్కింటాయన గ్యారేజీలో రెండేళ్లు సాయం పట్టాను.

లోటస్ సెవెన్ 1957లో వచ్చింది. పూర్తి కారుకు కొనుగోలు పన్ను ఉండేది, విడి భాగాల కిట్‌కు ఉండేది కాదు. ఆ తేడా వల్లే జనం కిట్లు కొన్నారు. కిట్‌తో పాటు బిగించే సూచనల పుస్తకం ఇస్తే పన్ను పడుతుంది కాబట్టి, లోటస్ వాళ్లు విప్పే సూచనలు ఇచ్చి, వెనక నుంచి ముందుకు చదువుకోమన్నారని ఇక్కడ నవ్వుతూ చెప్పుకుంటారు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చింది. అదే ఏడు సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వచ్చాయి.

ఇప్పుడు ఇక్కడ ఒక్క బండి కట్టుకునేవాడికి ఐవీఏ అని వేరే పరీక్ష ఉంది, 2009 నుంచి. కిట్ కంపెనీ చాసిస్ కొని, డోనర్ బండి, అంటే భాగాలు తీసుకునే పాత బండి, నుంచి రెండు పెద్ద భాగాలైనా వాడితే ఆ డోనర్ వయసుకు తగ్గ నంబరు ఇస్తారు. వయసు తేల్చలేని కలగూరగంప అయితే క్యూ అక్షరంతో నంబరు వస్తుంది. గమనించండి, చాసిస్ మారితే డోనర్ పాత నంబరు ఇక్కడా దక్కదు. ఇన్‌స్పెక్టర్ గారు చెప్పిన సూత్రమే. తేడా ఏమిటంటే ఇక్కడ ఆ గోడకు చిన్న తలుపు పెట్టారు.

తలుపు చిన్నదే, దూరడం కష్టమే. బయటికి పొడుచుకొచ్చిన ఏ అంచైనా రెండున్నర మిల్లీమీటర్ల వంపు తిరిగి ఉండాలి. పక్కింటాయన మొదటిసారి ఫెయిలయ్యాడు. ఇంజిన్ కాదు, బ్రేకు కాదు, అద్దం బిగించిన నట్టు! మరుసటి వారం ప్లాస్టిక్ టోపీలు పొట్లం కొనుక్కొచ్చి, కనిపించిన ప్రతి నట్టుకూ తొడిగి, మళ్లీ వెళ్లి పాసయ్యాడు. పాసైన సాయంత్రమే సగం టోపీలు పీకేశాడు.

ఘాట్‌రోడ్ గేర్2

మరి మన దేశంలో చింకారా అని సెవెన్ లాంటి బండి వచ్చింది కదా సార్? అదెట్లా వచ్చింది?

మాజీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్

అది కంపెనీ పెట్టి అమ్మిన బండి. అంబాసిడర్‌లో వచ్చిన ఇసుజు 1.8 పెట్రోలు ఇంజిన్ దాంట్లో వాడారు. నేను అంటున్నదీ అదే, తయారీదారువైతే దారి ఉంది.

శెట్టిపల్లి స్పానర్

రెండు రోజులు ఏమీ రాయలేదు, నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. నాన్నకు చెప్పాను. ‘రోడ్డు ఎక్కని బండి ఎందుకురా, దానికి బదులు ఎద్దును కొను’ అన్నాడు. సార్, సూటిగా అడుగుతున్నా. రోడ్డు మీదికి తేకుండా, సొంత స్థలంలో మాత్రమే నడిపితే తప్పా?

మాజీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్

రిజిస్ట్రేషన్, లైసెన్స్, ఇన్సూరెన్స్ బహిరంగ స్థలంలో నడిపే బండికి. బహిరంగ స్థలమంటే రోడ్డొక్కటే అనుకోవద్దు, జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా అంతే. గుడి ముందు ఖాళీ స్థలం, ఊరి మధ్య బాట, పొలానికి వెళ్లే పుంత కూడా. కంచె వేసిన సొంత తోట అయితే ఇబ్బంది లేదు. తోట నుంచి షెడ్డుకు పుంత మీద నడుపుకొస్తానంటే కుదరదు, చిన్న ఏనుగు (టాటా ఏస్ బండి) మీద వేసుకుని తీసుకెళ్లు.

పుత్తూరు మామిడి

మాకు పుత్తూరు దగ్గర పదకొండు ఎకరాల తోట ఉండాది, చుట్టూ కంచె. చెట్ల మధ్య ట్రాక్టరు తిరిగే దారి రెండు కిలోమీటర్లు వస్తాది. కాపు లేని రోజుల్లో వచ్చి తోలుకోండి. ఒకే షరతు, కొమ్మ విరిగితే లెక్క కట్టాల. ఎముక విరిగితే మాత్రం లెక్క లేదు, కట్టు కట్టేవాళ్లు మా ఊళ్లోనే ఉండారు.

బాహా పైపు

ఇప్పుడు నాకు పని దొరికింది! నేను ఇంజినీరింగ్‌లో ఉండగా మా టీమ్ పీథంపూర్ బాహా పోటీకి, అంటే విద్యార్థులు సొంతంగా కట్టిన బండ్ల పోటీకి, వెళ్లింది. మా బండికి మహీంద్రా ఆల్ఫా ఆటో గేర్‌బాక్స్ వేశాం. ఖాళీ చోటులో బాగా పడుతోందని వెనక్కి తిప్పి బిగించాం. మొదటి టెస్టులో డ్రైవరు ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాడు, బండి వెనక నిలబడ్డ మా సారు మీదికి పోయింది. ముందుకు ఒకటే గేరు, వెనక్కి నాలుగు. కాబట్టి అన్నా, 800 ఇంజిన్‌ను సీట్ల వెనక పెట్టేటట్టయితే అది ముందు ఏ దిక్కుకు చూస్తూ ఉందో అదే దిక్కుకు పెట్టు, తిప్పొద్దు.

చాసిస్‌కు 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 16 గేజి చాలు. తల వెనక రోల్ బార్‌కు మాత్రం గుండ్రటి, మందం పైపు వాడు. అక్కడ పొదుపు వద్దు. ముందు అన్నీ టాక్ వేసుకో (చిన్న చుక్కలుగా అతికించు), ఒక మూల పూర్తిగా వెల్డ్ చేశాక ఎదురు మూలకు పో. ఒకే వైపు లాగించేస్తే వేడికి ఫ్రేము మెలి తిరుగుతుంది. ప్రతి రోజూ పని ముగించేముందు మూలకు మూల దారం కట్టి కొలువు. రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయంటే పడుకోవచ్చు.

అసలు ముప్పు ఇంకోచోట ఉంది. ఇంజిన్‌తో పాటు ముందు సస్పెన్షన్‌ను వెనక్కి తీసుకుపోతే ఆ చక్రాలకు స్టీరింగ్ ర్యాక్ ఉండదు, ర్యాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లు చాసిస్‌కు బిగించాలి. ఎక్కడ పడితే అక్కడ బిగిస్తే చక్రం గుంతలో లేచిన ప్రతిసారీ లోపలికో బయటికో తిరుగుతుంది. అంటే బండి నిన్ను అడగకుండా వెనక నుంచి స్టీరింగ్ కొడుతుంది. పాత బండి విప్పకముందే ర్యాక్ లోపలి జాయింటు కింది ఆర్మ్ పివట్ నుంచి ఎంత దూరం, ఎంత ఎత్తులో ఉందో రాసిపెట్టుకో. తర్వాత స్ప్రింగు తీసేసి, హబ్‌కు నాలుగడుగుల పట్టీ కట్టి, జాకీతో చక్రాన్ని పైకీ కిందికీ ఆడించు. పట్టీ కొన గోడ మీద ఎటు జరుగుతోందో సుద్దతో గీసుకో.

కాణిపాకం కార్బొరేటర్

బాహా తమ్ముడు చెప్పింది బంగారం. దానికి రెండు ముక్కలు కలుపుతా.

ఒకటి, ముందు చక్రాలు తిరగాలి కాబట్టి ముందుకూ ఇంకో జత 800 ముందు నకిల్స్ (చక్రం బిగించే ముక్కలు), స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసినవి) కావాలి. చెన్నైలో పాత స్పేర్ల బజారు పుదుపేటలో దొరుకుతాయి. బేరింగు చేత్తో తిప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని కొను. రుబ్బురోలు శబ్దం వస్తే వదిలెయ్.

రెండు, బ్రేకులు. ముందూ వెనకా ముందు నకిల్సే అంటే నాలుగూ డిస్కులే. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. 800 వ్యవస్థ మాత్రం ముందు పెద్ద డిస్కులు, వెనక చిన్న డ్రమ్ములు అన్న లెక్క మీద చేశారు. ఇప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందు పట్టేస్తాయి, బండి బొంగరం అవుతుంది. వెనక లైనులో ప్రెషరు తగ్గించే వాల్వు పెట్టు, మట్టి మీద పరీక్షించి, ముందు చక్రాలే మొదట పట్టేలా సర్దుకో. ఇంకో సంగతి, హ్యాండ్ బ్రేకు తీగ 800లో వెనక డ్రమ్ములకు పోతుంది. నువ్వు డ్రమ్ములే తీసేస్తున్నావు. దాని సంగతి ఇప్పుడే ఆలోచించుకో.

రెజిన్ రాయుడు

ఫైబర్ పని నాది, పండగ ఆర్చీలకు విగ్రహాలు చేస్తుంటాం. ఎండాకాలంలో బాడీ వేయొద్దు బ్రదర్. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో రెజిన్ డబ్బాలోనే గడ్డకట్టి పొగలు కక్కుతుంది. తెల్లవారుజామున కలుపుకో, హార్డెనర్ ఒక శాతం దగ్గర ఉంచు. అర కిలోకు మించి ఒకసారి కలపొద్దు. ఒక్క మాట గట్టిగా చెబుతా, హార్డెనరూ, గట్టిపడటం వేగం చేసే కోబాల్టూ నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది. ముందు కోబాల్టు రెజిన్‌లో బాగా కలిశాకే హార్డెనర్.

శెట్టిపల్లి స్పానర్

సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టాను. ఇదీ ఇప్పటి లెక్క.

ముందు కాగితాలు. ఇన్‌స్పెక్టర్ సార్‌కు ఫోన్ చేసి అడిగితే 55వ సెక్షన్ చెప్పారు. బండి ఇక పనికిరాకుండా పోతే 14 రోజుల్లో బండి మామూలుగా ఉండే ప్రాంతపు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలిపి, ఆర్సీ ఇచ్చేయాలి. కోసే ముందు రోజు నాన్నే వచ్చి బండి కడిగాడు. అమ్ముతున్నామా అన్నట్టు అద్దాలు కూడా తుడిచాడు. మరుసటి రోజు రేకు కట్ చేశాం, ఆ వారంలోనే ఆర్సీ అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. నంబరున్న రేకు తుక్కులోకి పోకుండా ఆఫీసులో చూపించాను.

చాసిస్ అయింది. కర్ణాల తేడా 3 మిల్లీమీటర్లు, దాన్ని ఇంకా సరిచేయగలనని బావ అంటాడు, నేను వద్దన్నాను. పుదుపేటలో నకిల్స్ జత దొరికింది. కొన్నవాటిలో ఒకదాని బేరింగు ఇంటికొచ్చాక చూస్తే రుబ్బురోలులా మోగుతోంది. చెవి దగ్గర పెట్టుకున్నాను అన్నా, కానీ ఆ సందులో హారన్లకు ఏం వినపడుతుంది?

గోడ మీద సుద్ద గీత పరీక్ష చేశాను. మొదటిసారి పట్టీ కొన 22 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది! టై రాడ్ బ్రాకెట్ 14 మిల్లీమీటర్లు కిందికి దించి మళ్లీ వెల్డ్ చేస్తే 3కు వచ్చింది. బాహా తమ్ముడికి ఒక బిర్యానీ బాకీ.

బాహా పైపు

రెండు బిర్యానీలు. సారు మీదికి పోయిన కథ బయటపెట్టినందుకు ఇంకోటి.

శెట్టిపల్లి స్పానర్

ఇంజిన్ వెనక పెట్టాను, తిప్పలేదు. క్లచ్, యాక్సిలరేటర్ తీగలు కేబుల్ షాపులో పొడవు చేయించాను. గేరు రాడ్డుకు మూడు జాయింట్లు పడ్డాయి, మూడో గేరు ఎక్కడుందో ఇప్పటికీ వెతుక్కోవాల్సి వస్తోంది.

ఇప్పుడు సమస్య చెబుతా. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక. సీట్ల పక్కనుంచి రెండు పైపులు. పది నిమిషాలు నడిపితే వేడి మీటరు ఎర్రగీత దాటుతుంది, రేడియేటర్ మాత్రం చల్లగా చేయి పెట్టుకునేలా ఉంటుంది. ఫ్యాను తిరగదు. వాటర్ పంపు కొత్తదే.

కాణిపాకం కార్బొరేటర్

గాలి పట్టింది. నీళ్లు తిరగట్లేదు, ముందున్న రేడియేటర్ పైమూలలో గాలి బుడగ కూర్చుంది. ఇంజిన్ పక్కనున్నప్పుడు దానంతట అదే పైకి పోయేది, ఇప్పుడు ఎనిమిదడుగుల పైపులో ఎటూ పోలేదు. రేడియేటర్ పైమూలలో చిన్న కనెక్షను పెట్టి, సన్న పైపు వేసి, అన్నిటికంటే ఎత్తులో ఒక ట్యాంకు పెట్టి దానికి కలుపు. నీళ్లు పోసేటప్పుడు ముందు భాగం జాకీ మీద ఎత్తు. బుడబుడ ఆగేదాకా పోస్తూనే ఉండు. వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు, మే నెల కాబట్టి అసలే ఓపిక తక్కువగా ఉంటుంది.

శెట్టిపల్లి స్పానర్

అన్నా, ట్యాంకు పెట్టాను. నీళ్లు పోస్తుంటే గుటక వేసినట్టు ఒక్కసారి గుడుక్కున శబ్దం వచ్చింది, లీటరున్నర ఎక్కువ పట్టింది. ఇరవై నిమిషాలు నడిపాను, ఫ్యాను తనంతట తానే తిరిగింది. ఫ్యాను శబ్దం వింటే ఇంత సంతోషమేస్తుందని తెలియదు.

ఘాట్‌రోడ్ గేర్2

అన్నా వీడియో పెట్టు. ఇంకో మాట, మా ఫ్రెండు జీపు సీజైంది. గొర్రెను తప్పించబోయి స్కూటీకి తగిలాడు, ఎవరికీ ఏమీ కాలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు ఫోటోలు చూసి ఇది ఆర్సీలో ఉన్న బండి కాదన్నారు. సార్‌కు సారీ.

పుత్తూరు మామిడి

గంగ జాతర అయినంక ఆదివారం వచ్చినారు. బండి చిన్న ఏనుగు మీంచి దిగినప్పుడు మా పిల్లకాయలు దాన్ని చూసి ముక్కు పైకి లేసింది ఎందుకని అడిగినారు.

శెట్టిపల్లి స్పానర్

అవును, ఇంజిన్ బరువు మోయాల్సిన స్ప్రింగులు ఇప్పుడు ఖాళీ ముక్కును మోస్తున్నాయి. బండి ఆకాశం చూసే కోడిపుంజులా నిలబడింది. స్ప్రింగు కోయొద్దని అందరూ చెప్పారు కాబట్టి కోయలేదు, సన్నటి తీగతో వేరే జత చేయించాను.

మామిడి మండీ కాటా మీద తూకం వేశాం. మొత్తం 490 కిలోలు. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెడితే 190. కాటా అతను చీటీలో సరుకు అన్నచోట తోతాపురి అని రాసిచ్చాడు. ఆ చీటీ దాచుకున్నాను. ఈ బండికి ఉన్న ఏకైక కాగితం అది.

796 సీసీ ఇంజినే, కొత్తగా ఏమీ చేయలేదు. కానీ దాదాపు 160 కిలోలు తగ్గేసరికి రెండో గేరులో మట్టి ఎగజిమ్ముతోంది. కంచె చివర మలుపులో ఒకసారి వెనక భాగం నా పక్కకు వచ్చి పలకరించింది. ప్రెషరు వాల్వు ఇంకో అర చుట్టు తిప్పాను, తర్వాత బుద్ధిగా ఉంది. ఖర్చు డోనర్ కాకుండా ఇప్పటికి లక్షా 70 వేలు. మొదట అనుకున్నది 90.

నాన్న సాయంత్రం దాకా చెట్టు కింద మంచం మీద కూర్చుని చూశాడు. ఎక్కమంటే ఎక్కలేదు. నేను నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు స్టార్ట్ చేసిన శబ్దం వచ్చింది. వచ్చేసరికి మూడో వరస చెట్ల దగ్గరున్నాడు, మూడో గేరు నాకంటే ముందు ఆయనకే దొరికింది.

కొవెంట్రీలో చంద్రగిరోడు

చెన్నై పక్కనున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీకు దగ్గరే కదా. హెల్మెట్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, కరెంటు ఒక్కసారిగా తీసేసే స్విచ్ ఉంటేగానీ స్క్రూటినీలో, అంటే ముందు జరిగే బండి తనిఖీలో, లోపలికి రానివ్వరు. ముందు వాళ్ల నియమాలు తెప్పించుకుని చదువు. రోల్ బార్ వెల్డింగ్ అక్కడే చూస్తారు.

శెట్టిపల్లి స్పానర్

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ తెచ్చాను. స్విచ్ ఇంకా లేదు. ట్రాక్ మాట వచ్చే ఏడాది చూద్దాం అన్నా, ముందు బాడీ రంగు అయిపోవాలి.

మాజీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్

వీడియో చూశాను. బాగుంది. తోట వాలుగా ఉన్నట్టుంది. హ్యాండ్ బ్రేకు ఏం చేశావు?

శెట్టిపల్లి స్పానర్

ప్రస్తుతానికి రాయి సార్.

మాజీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్

ఒకటా, రెండా?

శెట్టిపల్లి స్పానర్

ఒకటి.

కాణిపాకం కార్బొరేటర్

నా షెడ్డులో తీగతో పనిచేసే కాలిపరు (డిస్కును పట్టే బ్రేకు ముక్క) ఒకటి పడి ఉంది, ఆదివారం వచ్చి తీసుకుపో. అందాకా ఇంకో రాయి పెట్టు.